నాన్న పథ్యం, కూతురి కంచం

పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే పెద్దతల్లికి ఊళ్లో మంచి పేరుండేది. భర్త అప్పలస్వామి కిడ్నీ జబ్బుతో పోయాక, అది కూతురికి రాకుండా ఎంత కట్టుదిట్టంగా పెంచుతోందో చూడండని నలుగురూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆమె తలకెక్కింది కూడా. దాచడమెందుకు?

ఆసుపత్రిలో భర్తకి రాసిచ్చిన పథ్యం చీటీ ఆమె పారేయలేదు. పప్పు తగ్గించాలి, కొబ్బరి వద్దు, కూరగాయలు ఉడికించి నీళ్లు వంపేయాలి. అదంతా పదిహేనేళ్ల ప్రమోదినికీ అమలు చేసింది. చాలదన్నట్టు అన్నం కూడా తనే తగ్గించింది. బడికి వెళ్లి మరీ, మధ్యాహ్న భోజనంలో తన కూతురికి గుడ్డు వేయొద్దని చెప్పి వచ్చింది. ఆ పిల్లేమో రెండు పూటలా కబడ్డీ ఆడుతుంది. ఏడాదిలో బెత్తెడు పొడుగు పెరిగింది.

మొన్న ఆటలో కళ్లు తిరిగి పడిపోయింది. పెద్దతల్లి బడికి పరుగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట, "క్రియాటినిన్ ఎంతొచ్చిందండి?"

ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించిన ఆటల టీచరు దీప్తి, కిడ్నీలు బాగానే ఉన్నాయంది. "రోజంతా ఏం తింటుందమ్మా?"

పెద్దతల్లి గర్వంగానే చెప్పుకొచ్చింది. దీప్తి ఒక్కొక్కటీ కాగితం మీద వేసి కూడింది.

"అంతా కలిపినా పదమూడొందల క్యాలరీలు రావట్లేదు. ఎదిగే వయసు, పైగా ఇంత ఆట. రెండున్నర వేలకి తక్కువైతే ఎలా? ఆ చీటీ మీ ఆయన జబ్బుకి రాసింది. ఈ పిల్లకి ఆకలి తప్ప ఏ జబ్బూ లేదు."

పెద్దతల్లికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుడ్డు వేయొద్దని తను చెప్పిన బడి వంటామె గుమ్మంలో నిలబడి అంతా వింటోంది.

ఇంటికొచ్చి చేపల పులుసు చేసింది. నిండా అన్నం పెట్టి, రెండు ముక్కలు వేసింది.

"ఆకలేత్తే అడగొచ్చు గదే?"

"అడిగితే ఏడుత్తావు గదా."

ప్రమోదిని ఒక ముక్క తిని, రెండోది గిన్నెలో పెట్టి మూత వేసింది.

"అదేటి, తినవేటి?"

"రేపటికి నీకు మల్లీ బయమేసేత్తాది గదమ్మా. అప్పుడు తింటాను."