కొస పట్టని ఫిల్ము

మా చిన్నప్పుడు... ఇంట్లో మగ్గం విప్పేసే ముందురోజు, బాపు తన దోస్తు దగ్గర ఒక్క పూటకు కెమెరా అడిగి తెచ్చాడు.

అప్పుడు మా ఊరు నల్లగొండ జిల్లా. ఇప్పుడు జిల్లా పేరే మారిపోయింది... బాపుకు జడ్చర్లలో కంపెనీ పని దొరికింది. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, చూపు ఆనక ఒక్కతే నేయలేదు. అందుకని తెల్లారితే మగ్గం విప్పి, గుంట పూడ్చాలనుకున్నారు.

గుంటంటే మగ్గం దగ్గర నేలలో తవ్విన గొయ్యి. అందులో కాళ్లు పెట్టుకుని నేస్తారు. అవ్వ బతుకంతా అందులోనే గడిచింది. అలా కూర్చున్న ఫోటో ఒక్కటీ లేదు. ఒక్కటైనా ఉండాలని బాపు పట్టుదల.

ఫిల్ము నేనే ఎక్కిస్తానని కెమెరా లాక్కున్నాను. పదకొండేళ్లు... అన్నీ నాకే తెలుసన్న పొగరు. వెనక మూత తెరిచి, ఫిల్ము డబ్బీని ఎడమ పక్క పెట్టి, కొసను లాగి కుడి పక్క చక్రం సందులో దూర్చాను.

"కొస పట్టిందా బిడ్డా? జర సూడు" అన్నాడు బాపు.

"పట్టింది బాపూ!"

చూడలేదు. వెలుగు తగిలి ఫిల్ము ఖరాబవుతుందన్న భయంతో టక్కున మూత వేసేశాను.

రోజూ బడి నుంచి రాగానే అవ్వ నేతకు చిన్న గొట్టాల మీద దారం, అంటే కండెలు, చుట్టేది నేనే. దారం కొస పట్టిందో లేదో లాగి చూడనిదే రాట్నం తిప్పేదాన్ని కాదు. పట్టకపోతే కండె ఉత్తదే తిరుగుతుంది. అవ్వ నాకు మొట్టమొదట నేర్పిన సంగతి అదే... ఆ రోజే మరిచిపోయాను.

మంచి చీర కట్టుకోమంటే అవ్వ వినలేదు. "రోజు గిట్లనే నేస్త గద... గిట్లనే తియ్యి" అంది, పాత చీరలోనే, కండె పెట్టిన నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసురుతూ.

బాపు అటు నిలబడి, ఇటు కూర్చుని తీశాడు. ముప్పై ఆరు ఫోటోలకు ఆగాల్సిన ఫిల్ము ముప్పై ఎనిమిది దాటినా ఆగలేదు. "ఎక్కువనే వస్తున్నయ్!" అని ఒకటే సంబరం. లోపల ఫిల్ము నడుస్తుంటే పైన ఎడమ పక్క పిడి తిరగాలి. అది కదలడం లేదని నేను చూశాను. తిడతారని నోరు విప్పలేదు.

అప్పుడు చెప్పినా సరిపోయేది... మగ్గం ఇంకా అక్కడే ఉంది.

వారం తర్వాత యాదగిరిగుట్టలో స్టూడియో ఆయన ఫిల్ము కడిగి, వెలుగుకు పట్టి చూపించాడు. ఒక్క బొమ్మ లేదు. ఇంటికొచ్చేసరికి గుంట పూడ్చిన జాగాలో అవ్వ చాప వేసుకుని కూర్చుంది.

సంగతి వినగానే, "కొస పట్టలేదా?" అని నన్నే అడిగింది. ఏడ్చేశాను. "పోనీ తియ్ బిడ్డా... నేనున్న గద" అని తల నిమిరింది. పిడి తిరగకపోవడం చూశానని మాత్రం చెప్పలేకపోయాను. అవ్వ పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు నా ఫోన్లో అవ్వ ఫోటోలు వందకు పైనే ఉన్నాయి. మంచం మీద, గడప దగ్గర, నా బిడ్డతో... అన్నిట్లోనూ ఆమె చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి.

మీ ఇంట్లో మగ్గం మీద కూర్చున్న అవ్వ ఫోటో ఉంటే కింద కామెంట్లలో పెట్టండి... మా అవ్వే అనుకుని చూసుకుంటాను.