ఎల్లారెడ్డి పోయి కామారెడ్డి వచ్చిన పాట

పాట కట్టేవాళ్ళకు గొంతు కూడా ఉండాలా అని అడిగావు కదా, రాసుకో. అక్కర్లేదనే నేను చాలా రోజులు నమ్మాను. ఎందుకంటే నాకు గొంతు లేదు, పాటలు మాత్రం వచ్చేవి. చిన్నప్పుడు తట్టు పోసింది. అది తగ్గేసరికి గొంతు బొంగురుపోయి, మళ్ళీ బాగుపడలేదు. నేను కూనిరాగం తీస్తే మా అమ్మ వంటింట్లోంచి, "ఎవలే అది, ఎండిన తోలు గీకుతున్నరు?" అని కేకేసేది. ప్రేమగానే అనేదిలే. అది కూడా రాసినవా? సరే, ఉండనియ్.

నిజాం కాలం. మాది ఎల్లారెడ్డి. నేనూ మా పెద్దనాయన బిడ్డా ఒకే వాకిట్లో పెరిగాం. నాకంటే రెండేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆమె గొంతెత్తితే పక్క మడిలో నాటేసేవాళ్ళు కూడా నడుం లేపి నిలబడేవాళ్ళు. అయితే ఒక్క మాట సొంతంగా కుదిరేది కాదు ఆమెకు. అందుకని మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. పొద్దున్నే జొన్నలు విసురుతూ నేను కట్టేదాన్ని. విసుర్రాయి రెండు చుట్లు తిరిగేలోపల ఒక వరుస పూర్తి కావాలి, అదీ నా కొలత. కుదిరింది కుదిరినట్టు అక్క చెవిలో చెప్పేదాన్ని. ఆమె పొలంలో పాడేది, పదిమంది అందుకునేవాళ్ళు.

"గీ పాట ఎవలు గట్టిన్రే?" అని ఎవరైనా అడిగితే అక్క నన్ను ముందుకు తోసేది.

"మా చెల్లె గట్టింది. నేను ఉత్త గొంతునే!"

మా వాడకట్టులో ఒక పద్ధతి ఉండేది. పాట కట్టిన ఆడమనిషి చివరి చరణంలో తన ఊరి పేరు పెట్టుకునేది. సొంత పేరు పదిమందిలో పాడుకుంటే బాగుండదని, ఊరి పేరే సంతకం. నేను కట్టిన వాటిలో అందరికీ నచ్చింది ఉప్పు పాట. కొత్త కోడలు వంట చేసిపెట్టి అడుగుతుంది:

అత్త ఉప్పు చూసె, మామ పప్పు చూసె,
ఆకలెవరు చూసిరే, నా అమ్మలాలా?

చివర ఇట్లా పెట్టాను:

ఎల్లారెడ్డి చిన్నది ఎరుకతోని చెప్పె,
ఉప్పు లేని మాటలే మీ ఇంట మెండు.

'ఎల్లారెడ్డి'లో ఎ, 'ఎరుక'లో ఎ. ఆ రెండూ కలవడానికి మూడు రోజులు విసిరాను తెలుసా. మా అమ్మ పిండి ఎక్కువైందని తిట్టింది.

అక్కను కామారెడ్డి ఇచ్చారు. కాపురానికి పోయే రోజు నా చెయ్యి పట్టుకుని, "నీ పాటలు తీస్కపోనా చెల్లే?" అంది.

"తీస్కపో. అత్తగారింట్ల నీకు తోడుంటయి," అన్నాను.

రెండేళ్ళకు అక్క మరిది పెళ్ళి వచ్చింది. పెద్దనాయన బండి కడితే నేనూ ఎక్కాను. కామారెడ్డిలో వాళ్ళ ఇంటి ముందు బండి దిగకముందే నా పాట వినిపించింది. పందిట్లో ఆడవాళ్ళు పసుపు దంచుతున్నారు, మధ్యలో అక్క పాడుతోంది. నా ఛాతీ ఎంత పొంగిందో! మూట కూడా కింద పెట్టకుండా పందిరి గుంజ పట్టుకుని చివరి చరణం కోసం నిలబడ్డాను.

కామారెడ్డి చిన్నది ఎరుకతోని చెప్పె...

నేనే తప్పు విన్నాననుకున్నాను. ఇంతలో అందరూ అందుకుని అదే అన్నారు. ఎల్లారెడ్డి, కామారెడ్డి, నువ్వే అని చూడు. రెండూ ఒకే బరువు. ఒక్క రోకలి దెబ్బ కూడా తప్పలేదు.

అక్క అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇన్నవా బిడ్డా? మా కోడలు గట్టింది. గీ వాడ వాడంతా గిదే పాట," అంది.

"అది నేను గట్టిన," అన్నాను.

రోకళ్ళు ఆగాయి. "నువ్వా? ఏదీ, పాడు!" అంది ఒకామె.

పాడాను. రెండో వరుసకే గొంతు చీలిపోయింది.

"ఓయమ్మో, రోలు పగిలిందేమో చూడుండ్రే!"

పందిరంతా నవ్వు. నేను అక్క వైపు చూశాను. "అక్కా, నువ్వన్న చెప్పు," అన్నాను. ఒక్క మాట చాలు, పొలంలో వంద సార్లు అన్న మాటే. ఆమె తల ఎత్తకుండా చెదిరిన పసుపు కొమ్ములు ఏరుకుంటూ, "నాతోని పాడి పాడి తనదే అనుకుంటది. చిన్నపిల్ల, పోనీయుండ్రి," అంది.

రాస్తున్నవా? ఆ మాట ఉన్నదున్నట్టు రాయి.

పెరట్లో పట్టుకుని అడిగాను. "ఎందుకక్కా గట్ల జేసినవ్?"

"గీ ఇంట్ల ముగ్గురు కోడండ్లమే. పెద్దామెకు వంట పేరు, నడిపామెకు తల్లిగారి బంగారం పేరు. నాకు పాట పేరు. అదిగూడ నీదే అంటే నేనేం గావాలె?"

"పాడిన పేరు చాలదా నీకు?"

"నీ తాన ఉంటే ఆ పాట విసుర్రాయి కాడనే ఉండిపోతుండె."

అది అబద్ధం కాదు. అందుకే ఎక్కువ మండింది నాకు. "దొంగతనంగూడ సక్కగ జెయ్య రాలే నీకు!" అని అరిచాను. "ఎల్లారెడ్డికి ఎరుక కుదుర్తది. కామారెడ్డికి ఎట్ల కుదుర్తదే? 'కమ్మగ' అనన్న పెట్టకపోతివి!"

అప్పుడు తలెత్తి చూసింది. ఏదో పలికి చూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. సిగ్గుపడుతోందనుకున్నాను. ఆ పెళ్ళిలో మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

నీ ప్రశ్నకు జవాబు నాకు ఆ పందిట్లోనే దొరికింది బిడ్డా. పాట కట్టడానికి గొంతు అవసరం పడలేదు. నాది అని చెప్పుకోవడానికే అవసరం పడింది.

మళ్ళీ వానలు పడ్డాయి. మా మడిలో నాట్లు. మాచారెడ్డి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె ఉప్పు పాట ఎత్తుకుంది. కామారెడ్డిలో వాళ్ళ చిన్నమ్మ దగ్గర నేర్చుకుందట. చివరికి వచ్చేసరికి,

కామారెడ్డి చిన్నది కమ్మగా చెప్పె...

నా చేతిలో నారు అట్లాగే ఉండిపోయింది. నా పక్కనే మా అమ్మ కూడా అందుకుని అదే పాడుతోంది.

"అమ్మా, నీకన్న తెల్వదా?"

"తెల్వకేందే, నీ పాటనే. గాని పదిమంది ఒకతీరు పాడుతుంటే నేనొక్కదాన్ని ఇంకోతీరు పాడాల్నా? అయినా గిట్లనే మంచిగున్నది, నోటికి సాఫీగ వస్తుంది."

నిజమే, సాఫీగా ఉంది. నేను కోపంలో అరిచిన మాట అక్క దాచుకుని అతికించింది. ఇక ఎవరికైనా ఇదిగో చూడండి అని చూపించడానికి అతుకు కూడా మిగల్లేదు. "కాళ్ళకు వేర్లు మొలిచినయా ఏందే, ముందుకు జరుగు," అంది అమ్మ. పిడికెడు నారు సర్దుకుని వంగాను. వాళ్ళు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.