గుర్రానికి దక్కిన పేరు

నా చిన్నప్పుడు మా ఊరికి ఒక జర్మనీ దొర వచ్చాడు. నిలబడితే చెట్టు మీది కొబ్బరికాయలు నుదుటికి తగిలేవి. కూర్చుంటే మా నులకమంచం అక్కడికక్కడే ప్రాణం విడిచింది. క్రైస్తవ చరిత్రను కథల్లా రాసి లోకమంతటి చేతా చదివించే రచయితట. చిల్లకూరు దాటి సముద్రం వైపున్న మా చిన్న చర్చిని ఎట్లా కట్టారో రాసుకోవాలని మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. మా అవ్వ పెట్టిన చేపల పులుసుకు ఆయన కార్చిన కన్నీళ్లతో ఒక మడి పారించవచ్చు.

మా తాతయ్యకు ఒకటే ఆశ, తన తల్లి పేరు ఆ పుస్తకంలోకి ఎక్కాలని. చర్చి గోడల సున్నానికి ఒడ్డు నుంచి గుల్లలు మోసింది ఆవిడే. నెత్తిన గంప, చంకలో మా తాతయ్య. మూడు రోజులూ తాతయ్య చెబుతుంటే, డిగ్రీ చదివే పక్కింటి అక్క ఇంగ్లీషులో అందించింది.

రెండేళ్లకు పుస్తకం వచ్చింది. ఇంగ్లీషు ప్రతి, దిండు కంటే లావు. పక్కింటి అక్కే చదివి చెప్పింది. చర్చి కట్టించిన పాతకాలపు దొర పేరుంది. ఆయన గుర్రం పేరూ ఉంది. అది చెప్పింది మా తాతయ్యే.

"మా అమ్మో?"

"ఉంది తాతా. ఒక ఊరి ఆడమనిషి గుల్లలు మోసింది అని రాసినాడు."

"పేరు?"

"లేదు." అక్క తలెత్తలేదు. "ఆయన రెండుసార్లు అడిగినాడు. నువ్వు మా అమ్మ, మా అమ్మ అనే గదా చెప్పినావు."

"కన్నతల్లిని పేరు పెట్టి ఎట్లా అనేదమ్మే?" అన్నాడు తాతయ్య. "గుర్రానికి ఆ ఇబ్బంది లేకపాయె," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అక్క పెన్సిల్ తీసింది. "ఇప్పుడు చెప్పు, పక్కన రాస్తా."

తాతయ్య నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. పేరు మాత్రం గడప దాటలేదు. "రేపు చెబుతాలే," అన్నాడు.

అలాంటి రేపులు చాలా గడిచాయి. ఒక వానాకాలం ఆయనే పోయాడు. చర్చి పాత రిజిస్టర్లు అంతకు ముందే తుపానుకు కొట్టుకుపోయాయి. మా అవ్వనడిగితే, ఆవిడకూ అత్తమ్మే.

నా పిల్లలకు వాళ్ల నాయనమ్మ పేరు ఇంటిపేరుతో సహా కంఠస్థం. నేనే పట్టుబట్టి నేర్పాను. మా అమ్మ మొదట్లో సిగ్గుతో చెంగు అడ్డం పెట్టుకునేది, ఇప్పుడు అలవాటు పడింది. ఇంకా పై తరం పేర్లు చెప్పమని పిల్లలు అడుగుతారు. మా తాతయ్య వాళ్లమ్మ, అంటాను. అదేం పేరు నాయనా, అంటారు. నాకూ అంతే తెలుసు.