వాన తరిమే బుడగ

పదేళ్ల కిందటి ఆషాఢంలో మా శాఖ నన్ను శృంగవరపుకోట దగ్గర ఒక కళాశాల మైదానంలో పెట్టిన తాత్కాలిక శిబిరానికి పంపింది. అప్పటికి నాది సైంటిఫిక్ అసిస్టెంటు హోదా. లెక్కలు కట్టే శాస్త్రవేత్త నగరంలో ఉంటాడు. ఎండలో నిలబడి పరిశీలన చేసేది మేము. పని ఓజోన్ కొలత. రోజు విడిచి రోజు, ఉదయం పూట, హైడ్రోజన్ నింపిన పెద్ద రబ్బరు బుడగకు పొడవాటి దారం కట్టి, దాని చివర థర్మోకోల్ పెట్టెలో పరికరం అమర్చి వదిలేవాళ్లం. ఏ ఎత్తులో వేడి ఎంత, తేమ ఎంత, ఓజోన్ ఎంత అన్నది అది రేడియోలో చెబుతూ పోతుంది. పైన గాలి పలచబడేకొద్దీ బుడగ ఉబ్బి చివరికి పగులుతుంది. పెట్టె చిన్న పారాచూట్‌తో ఎక్కడో దిగుతుంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాయి. రోజూ కొండల మీద మబ్బు పట్టడం, మధ్యాహ్నానికి చినుకు రాల్చకుండా విడిపోవడం. బుడగ మబ్బులో దూరడం ఊరంతా చూసింది. మబ్బు విడిపోవడమూ చూసింది. బుడగ వదలని రోజుల్లోనూ మబ్బు అలాగే పోయేది గాని, ఆ రోజుల్లో తలెత్తి చూడవలసిన పని ఎవరికీ లేదు. మూఢనమ్మకం ఎక్కడైనా ఇలాగే పుడుతుంది.

ఒక ఉదయం మైదానం గేటుకు అడ్డంగా పది మంది నిలబడ్డారు. ముందున్నవాడు అప్పలనాయుడు. గోడ అవతల నారుమడి అతనిదే. అది అప్పటికే పసుపు రంగుకు తిరిగింది.

"బాబూ, నీ బుడగ మబ్బుని పొడిసేస్తన్నాది. పొడిసీసిన మబ్బు మరి ఉంటాదేటి? ఆకుమడి మాడిపోతే ఉభాలకి నాను ఏటి నాటాల?" అన్నాడు. అక్కడ ఆకు అంటే నారు, ఉభాలంటే వరినాట్లు.

అతని భార్య పైడమ్మ అందుకుంది: "ఆ బాబుకేటి, వాన పడినా జీతమే, పడకపోయినా జీతమే."

కళాశాల ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచి, కొబ్బరికాయ కొట్టి వదిలితే గొడవ ఉండదని సలహా ఇచ్చాడు. ఆయన చెప్పే పాఠం భౌతికశాస్త్రం. కాయ కొడితే బుడగకు మబ్బు మీద అధికారం ఉందని నేనే ఒప్పుకున్నట్టవుతుందని చెప్పి నిరాకరించాను. రైతుకు చదువు అందలేదు. ఈయనకు అందింది, అంటలేదు.

పరీక్ష పెడదామని నేనే అన్నాను. వారం పాటు బుడగ వదలను, వాన వస్తుందేమో చూడండి అన్నాను. పై అధికారి ఫోన్‌లో అయిష్టంగా ఒప్పుకున్నాడు. వారం తిరగకముందే వాన కురిసింది.

ఊరికి నా ఓటమి స్పష్టంగా కనిపించింది. ఒక్కసారి జరిగినదానితో ఏదీ రుజువు కాదని, ఇప్పుడు బుడగ వదిలి రెండో సగం కూడా చూడాలని వాదించాను. అప్పలనాయుడు వినలేదు. "పరీచ్చ నీది, ఆకు నాది. మడి నిండనీ, తరవాత నీ ఇట్టం" అన్నాడు. ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. మడి నిండాక, అందరూ గొడుగులు పట్టుకుని చూస్తుండగా, కురిసే వానలోనే బుడగ వదిలాం. వాన ఆగలేదు. నేను గెలిచాననుకున్నాను.

తరవాత కూడా వాన తెరిపివ్వలేదు. నారు నీట మునిగింది. అప్పుడు అప్పలనాయుడు మోకాళ్ల దాకా బురదతో శిబిరానికి వచ్చి, ఇంకో రెండు బుడగలు ఎగరెయ్యమని అడిగాడు, వాన ఆపడానికి.

"మొన్న వదిలితే ఆగిందా?" అన్నాను.

"ఆగలేదు. ఒక్కటి సాల్లేదేమో బాబూ."

కోపం వచ్చింది. కాని ఆ బురద ఎక్కడిదని అడిగాను. మడి గట్టుకు గండి కొట్టి నీళ్లు వదిలి వస్తున్నానన్నాడు. బుడగను అడగడానికి వచ్చాడే గాని, చెయ్యవలసింది ముందే చేసి వచ్చాడు.

అప్పుడు లోపల కూర్చోబెట్టి, పరికరం పంపిన గీతలు చూపించాను. తేమ గీత కొంత ఎత్తు దాకా పోయి దాదాపు సున్నాకు పడిపోతుంది. మబ్బూ వానా అంతా ఆ కింది పొరలోనే, ట్రోపో ఆవరణంలోనే. దాని మీద స్ట్రాటో ఆవరణం. ఓజోన్ ఎక్కువగా ఉండేది అందులో. ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అదే ఆపుతుంది. ఇంకా పైన మీసో ఆవరణం. రాలే ఉల్కలు చాలావరకు అక్కడే మండిపోతాయి. మా బుడగ అంత పైకి పోదు.

"ఓజోన్ ఒక గట్టనుకో. అది పలచబడితే ఎండలో వంగి నాటేవాళ్ల చర్మం చెడుతుంది, కళ్లకు పొర కమ్ముతుంది, పైరూ దెబ్బతింటుంది. గట్టు గట్టిగా ఉందా, గండి పడిందా అని చూసి రావడమే బుడగ పని" అన్నాను.

"గట్టు సూసీ పనా! ముందే సెప్పొచ్చు కదేటి. మబ్బులో దూరిందంటే దొంగపనే అనుకున్నాం" అన్నాడు.

మిగిలిన రోజుల్లో గేటు దగ్గర ఎవరూ అడ్డం నిలబడలేదు. నమ్మకం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. నేను శిబిరం ఎత్తేసి వెళ్లే ముందు రోజు వరకూ పైడమ్మ, బుడగ వదిలేముందు తనకు ఒక మాట చెప్పమనే అంది.

నేర్చుకున్నది ఇది. వానను తీర్పరిగా పెట్టుకుని వాదానికి దిగకూడదు. అది ఎవరి పక్షానైనా పడుతుంది. మనిషి నమ్మకంతో కలబడేకన్నా, అతని చేతికి ముందే తెలిసిన పని దగ్గర మాట మొదలుపెట్టాలి.