అచ్చులో లేని వసుధ

నిన్న పొద్దున కూరగాయలకని బజారుకు పోతుంటే, ఒక ఇంటి వసారాలో బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకు కట్ట విప్పుతున్నారు. ఆ వగరు వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. "ఏం గావాలమ్మా?" అని ఆ ఇంటి కోడలు అడిగింది. "ఏం వద్దు బిడ్డా" అని కదిలాను గానీ, మనసు పాత రోజులకు పోయింది. ఇటువంటి వసారాలోనే, పెళ్ళి కాని వయసులో, ఒక సీరియల్ కథ ఏ దారిన పోతుందోనని నేను తిండి మానుకున్న రోజులున్నాయి. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టిన మనిషి విమల చిన్నమ్మ. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకే రాస్తున్నాను.

మాది కరీంనగర్ దగ్గర సుల్తానాబాద్. డెబ్బైల చివరి సంగతి. బడి మా వాడకట్టుకు దూరం. ఆడపిల్ల అంత దూరం నడిచి పోవద్దని మా నాయన, మేం బాపు అనేవాళ్ళం, నాకు ఇంట్లోనే చదువు చెప్పాడు. భాగవతమే నా వాచకం. పారాయణంలో ఒక్క మాట దాటవేసినా "దేవుని ముంగట దొంగతనం చేస్తవా?" అని మళ్ళీ మొదటి నుంచి చదివించేవాడు. అచ్చులో ఉన్న మాటను కదిలించరాదన్నది నాకు అట్లా పట్టిన నమ్మకం. ఆ భయభక్తులు ఇచ్చినందుకు ఈ రోజుకూ ఆయనకు దండం పెట్టుకుంటాను.

విమల చిన్నమ్మ మాకు చుట్టం కాదు, పక్కింటామె. మంథని నుంచి కోడలుగా వచ్చింది. భర్త భీవండిలో మగ్గాల మీద పని చేసేవాడు. పండుగలకు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మధ్యాహ్నం కాగానే మా వాడకట్టు ఆడవాళ్ళంతా చాటలు పట్టుకొని ఆమె వసారాలో చేరి బీడీలు చేసేవాళ్ళు. చదవడం వచ్చింది చిన్నమ్మకు, నాకు మాత్రమే; ఆమె చేతులు కడుక్కొని వారపత్రిక విప్పి చదివేది. చదివే మనిషి చేతులు పని చేయవు కదా, అందుకని పోయేటప్పుడు తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేసిపోయేవాళ్ళు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అట్లా నడిచింది. నేను ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించేదాన్ని.

ఆ ఏడు వచ్చిన సీరియల్లో నాయిక పేరు వసుధ. మనసిచ్చినవాడు వేరే పిల్లను చేసుకుంటాడు. ఇంట్లోవాళ్ళు ఈమెను ఇంకొకరికి కట్టబెడతారు. మొగుడు మంచివాడే, కానీ ఈమె మనసు కుదురుకోదు. ఇటువంటి కథలను మా బాపు 'పనిలేని రాతలు' అనేవాడు. కానీ ఆ వసారాలో అది రాతగా ఉండేది కాదు. "వాడు మొగోడేనా? మాటిచ్చి తప్పిండు!" అని రంగవ్వ తంబాకు చేతితోనే గాలిలో కొట్టేది. ఆమె మా అందరిలో పెద్దది, నోరు కూడా పెద్దదే. "నువ్వెందుకు పరేషానైతవ్ అత్తా, నీకేమన్న సంబంధం దప్పిందా?" అని ఇంకొకామె అంటే వసారా అంతా నవ్వేది.

సుగుణ ఒక్కతే నవ్వేది కాదు. ఆమె మా వెనుకింటి పిల్ల, నా ఈడుది. పుట్టినప్పటి నుంచి మేనబావ పెండ్లామని అందరూ అన్నదే. ఆ బావ దుబాయ్ పోయి వచ్చి, కరీంనగర్ పిల్లను చేసుకున్నాడు. తర్వాత సుగుణకు భైంసాలో పత్తి వ్యాపారం చేసేవాళ్ళ సంబంధం కుదిరింది. ఆమె కాదనలేదు, అవుననలేదు. తిండి సరిగా తినక బక్కచిక్కిపోయింది. కథ చదివేటప్పుడు మాత్రం కత్తెర కింద పెట్టి, రెప్ప కొట్టకుండా వినేది.

ఒకనాడు బోరింగు కాడ బిందె నిండుతుంటే సుగుణ నాతో మెల్లగా అన్నది. "భాగ్యా, వసుధ ఏం జేస్తదో గదే నేను గూడ జేస్త."

"ఏం మాటలే అవి? అది కథ."

"నాకు కథ గాదు" అని బిందె ఎత్తుకొని పోయింది.

కథలో వసుధ అప్పటికే చావు మాట తలుస్తోంది. ఇంట్లో చెబితే పెళ్ళి ముందు పిల్లకు చెడ్డపేరు. ఆ సాయంత్రం దీపం పెట్టి, దేవునికి మొక్కి, చిన్నమ్మ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "నువ్వు ఇంకెవ్వలకు జెప్పకు. దాని మీద ఒక కన్ను బెట్టు, ఒంటరిగ వదలకు. దానవ్వతోని నేను మాట్లాడుత" అన్నది. మాట్లాడింది కూడా. తల్లి కూతురును తన పక్కన పడుకోబెట్టుకుంటున్నదని తర్వాత తెలిసింది. కానీ సుగుణ ముఖం మారలేదు.

ఆ వారం పత్రిక వచ్చింది. నేను ఎప్పటిలాగే పక్కన కూర్చుని, చిన్నమ్మ భుజం మీదుగా పేజీ చూస్తున్నాను. అచ్చులో వసుధ తెల్లవారుజామున గడప దాటుతుంది, గోదావరి ఒడ్డుకు నడుస్తుంది. కింది వరుసల్లో ఆమె నీళ్ళలోకి దిగిపోవడం నా కళ్ళు ముందే చదివేశాయి.  చిన్నమ్మ గొంతు ఎక్కడా తడబడలేదు. "వసుధ తలుపు తీసింది. గుమ్మంలో పాలామె నిలబడి ఉంది. 'ఏమ్మా, ఇయ్యాల లేటయింది' అన్నది పాలామె. వసుధ పాలు పోయించుకొని పొయ్యి వెలిగించింది..." ఆమె చదువుతూనే ఉంది. ఆ పేజీలో పాలామె లేదు, పొయ్యి లేదు.

"గింతేనా?" అన్నది రంగవ్వ. "వారమంత ఎదురుజూస్తే పాలు గాగబెట్టుడేనా?"

"పాలు పొంగకుంట జూసుకునుడు గూడ పనేనే అత్తా" అని చిన్నమ్మ పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకుంది. సుగుణ మళ్ళీ కత్తెర అందుకున్నది.

అందరూ పోయాక నేను ఏడ్చాను. "అచ్చులున్నది మారిస్తే పాపం గాదా చిన్నమ్మా?"

"అచ్చు గుద్దినోడు గీ పిల్ల మొఖం జూసిండా? నేను జూసిన. దేవుడు అడిగితే నా పేరు జెప్పు, నీకెందుకు ఫికరు?"

ఆ మాటకు అప్పుడు నా మనసు పూర్తిగా ఒప్పలేదు. కానీ అంతలోనే భీవండి నుంచి కబురొచ్చింది, చిన్నమ్మ భర్తకు జబ్బు ముదిరిందని. బస్సు ఎక్కేముందు ఆమె నన్ను గుమ్మం చాటుకు పిలిచింది. "సుగుణ పెండ్లి అయ్యి, ఆ ఇంట్ల నిలదొక్కుకునేదాక వసుధను జూసుకో బిడ్డా." అంతే అన్నది. ఆమె కంట్లో నీళ్ళు మొగుని కోసమో, మా కోసమో నాకు తెలియలేదు.

పత్రిక చదివే పని నా మీద పడింది, అప్పటి నుంచి వారం వారం నాకు గండమే. అచ్చులో వసుధ లేదు, ఆమె మొగుడు కుమిలిపోతున్నాడు. నేను ఆ పేజీలే ముందు పెట్టుకొని, వసుధకు పెరట్లో బీర పాదు పెట్టించాను, మొగునితో చిన్న చిన్న కొట్లాటలు పెట్టించాను, ఒకసారి జ్వరం కూడా తెప్పించాను. రాత్రి పడుకునేముందు మరుసటి వారం ఏం చెప్పాలో తోచక నామం జపించేదాన్ని. వాళ్ళు నా చాటలో వేసిపోయే బీడీలు చూస్తే చెయ్యని పనికి కూలి తీసుకుంటున్నట్టు సిగ్గేసేది.

ఇక భయపడ్డదే అయింది. రంగవ్వ ఒక మధ్యాహ్నం వస్తూనే అన్నది. "ఏందే భాగ్యా, పెద్దపల్లిల మా చెల్లె ఇంట్ల గూడ గీ కథే చదువుతరట. గాడ వసుధ ఎన్నడో గోదాట్ల వడి సచ్చిపోయిందట గదా!"

చేతులన్నీ ఆగాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను మాత్రం సుగుణనే చూశాను. ఆమె కత్తెర కింద పెట్టింది. పెళ్ళి దగ్గర పడింది, మెడలో పసుపు తాడు పడే ముందు ఆమెకు నా నోటి నుంచి ఒక జవాబు కావాలి. బాపు ముఖం, భాగవతం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడే చిన్నమ్మ గొంతు వినబడ్డట్టయింది, నీకెందుకు ఫికరు అని.

"సచ్చిపోయిందని ఊరోళ్ళు అనుకున్నరు అత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒడ్డు మీద చెప్పులు జూసి అనుకున్నరు. పొద్దుగాల నీళ్ళ దాక పోయిన మాట నిజమే. నీళ్ళు సల్లగ తగిలినంక ఎనుకకు మర్లింది. చెప్పులు మర్చిపోయి, ఉత్త కాళ్ళతోని ఇంటికొచ్చింది. అప్పుడే పాలామె వచ్చింది."

"మరి మా చెల్లె ఇంట్ల?"

"ఆళ్ళు చెప్పుల కాడనే ఆగిన్రు" అని నోటికి వచ్చింది అనేశాను.

"గట్లనా!" అన్నది రంగవ్వ, దెబ్బకు తేలికపడి. "నేను అప్పుడే అన్న, ఉత్తగనే సచ్చే మనిషా అది?"

 సుగుణ నా వైపు జరిగి, "ఉత్త కాళ్ళతోని ముండ్లు గుచ్చుకోలేదా?" అని అడిగింది.

"గుచ్చుకున్నయ్. మొగుడు తీసిండు."

ఆమె తల వంచుకుంది. ఆ రోజు బీడీలు తొందరగా చేసి, మా అందరికంటే ముందే ఇంటికి పోయి అన్నం పెట్టమని తల్లిని అడిగిందట. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మా అవ్వకు చెప్పింది.

సుగుణ పెళ్ళై భైంసాకు పోయింది. విమల చిన్నమ్మ తిరిగి రాలేదు. భర్త పోయాక అక్కడే మగ్గాల మీద పనికి కుదిరిందని, తర్వాత కొన్నేళ్ళకు ఆమె కూడా పోయిందని విన్నాను. ఆమెకు ఎదురుగా కూర్చుని నేను చేసింది చెప్పుకునే భాగ్యం కలగలేదు.

తొంభైల చివర మా చిన్నబిడ్డకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర పోయి, అక్కడి నుంచి సుగుణ ఇల్లు వెతుక్కుంటూ భైంసాలో దిగాను. ఆమె లావయింది. సగం తెలుగు, సగం మరాఠీలో పనివాళ్ళ మీద అరుస్తోంది. నన్ను చూసి ఎగిరి గంతేసింది. చాయ్ తాగుతుంటే, మొగుడు బయటికి పోయేదాకా ఆగి, నా చెవి దగ్గర అడిగింది. "భాగ్యా, వసుధ గిప్పుడెట్లున్నది?"

నవ్వులాటకు అడిగిందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు.

"మంచిగున్నది" అన్నాను. "ఎంటికలు నెరుస్తున్నయ్. బిడ్డకు సంబంధాలు జూస్తుంది. పిల్లను అడగకుంట మాటియ్యనని మొగునితోని కొట్లాడుతుంది."

"కొట్లాడాలె" అన్నది సుగుణ. గాలి పీల్చుకొని, చాయ్ గ్లాసు కింద పెట్టింది.

ఇప్పుడు ఏకాదశి నాడు గుడిలో ఆడవాళ్ళకు భాగవతం చదువుతాను. బాపు నేర్పినట్టే, ఒక్క అక్షరం దాటను. కానీ ప్రతి పేజీ చివర ఆగి, తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖం చూస్తాను. ఎవరి ముఖమైనా వాడిపోయి కనబడితే, పుస్తకం మూశాక ఆమె పక్కన పోయి కూర్చుంటాను.