కొంగుముడిలో కారం

మా ఆయన అక్క కొంగుముడిలో ఎప్పుడూ కారప్పొడి పొట్లం ఉండేది. ఎవరింట తిన్నా చప్పగా ఉందని మొహం మీదే అనేసి చల్లుకునేది. కడుపునొప్పి ముదిరితే గుంటూరు తీసుకెళ్లాను. పేగు గోడ పల్చబడి, తిన్నది రక్తంలోకి కారుతోందేమో చూడాలన్నాడు డాక్టరు. కారం మానమంటారేమోనని ఆవిడ భయం.

పరగడుపున తీపినీళ్లు తాగించారు; పేగు కారుతుంటే ఆ తీపి మూత్రంలో ఎక్కువగా తేలుతుందట. ఆపైన మూత్రమంతా పట్టి పరీక్షకివ్వాలి, అందాకా ఏమీ తినకూడదు. తాగీ తాగగానే ఈవిడ పొట్లం విప్పి కారం నాకేసింది.

"ఏంటొదినా ఈ పని!"

"నోరు వెగటుగా ఉందే. కారం కూడా తిండేనా?"

పరీక్ష పాడైంది. రెండోసారి పొట్లం నేను లాక్కున్నాను. పేగు కారుతోందని తేలింది, కారం బందన్నాడు డాక్టరు.

కారం మానేసింది గానీ పొట్లం మానలేదు. నా అన్నంలో చల్లి ఎదురుగా కూర్చునేది.

"నువ్వు తినవే, నేను చూస్తా."

నేను ఉస్సుమంటే ఆవిడ కళ్లు తుడుచుకునేది.