సంచి మారకూడదన్న అక్క

సోమవారం పొద్దున ఆదోని ఆఫీసు తాళం తీస్తుండగా ఎమ్మిగనూరు శాఖ నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయిందన్నా" అన్నాడు అక్కడి గుమాస్తా. గుండెనొప్పి అంటే కారెక్కించారట. ఆస్పత్రి చేరేలోపే అయిపోయిందట.

మా రైతుల విత్తన సంఘానికి ఆమె అధ్యక్షురాలు. జీతం తీసుకునే మాకూ, వేరుశనగ కాయలు తెచ్చే రైతులకూ అందరికీ అక్కే. ఆదివారం చర్చి, మిగతా రోజులు చేను, సంఘం. చేతిసంచిలో మా విత్తనాల సంచి నుంచి కత్తిరించిన ఆకుపచ్చ ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. కొత్త బోర్డు రాయిస్తే ఆ ముక్క పక్కన పెట్టి రంగు చూసేది. తర్వాత రోడ్డు దాటి అవతల నిలబడి, కళ్లద్దాలు తీసేసి మళ్లీ చూసేది. "సదువు రానోళ్లు బొమ్మనే సదువుకుంటారప్పా. అది తేడా రాగూడదు" అనేది.

ఆ పట్టుదల ఆమెకు మొదటినుంచీ లేదు. ఒక వానాకాలం నేర్పింది.

తొలకరి పడి విత్తనాలు వేసిన కొన్నాళ్లకు హొళగుంద వైపు రైతులు టెంపోలో వచ్చి దిగారు. వాళ్లలో పెద్దాయన తువ్వాలు విప్పి మా బల్ల మీద కుమ్మరించాడు. చేనులోంచి తవ్వి తెచ్చిన వేరుశనగ గింజలు. నల్లబడి కుళ్లిపోయాయి. వెనక ఉన్న యువకుడు ఖాళీ సంచి పరిచాడు. దాని మీద మా సంఘం గుర్తు: రెండాకుల మధ్య విచ్చుకున్న కాయ.

"ఒగటీ మొలకెత్తల్యా. ఏం సెప్తావమ్మా?" అన్నాడు పెద్దాయన, బల్ల వెనకున్న అక్కతో.

నేను సంచి తిప్పి చూశాను. గుర్తు మాదే, కానీ ఆకులు పక్కలకు సాగి ఉన్నాయి. పేరు వేరే రకం అక్షరాల్లో ఉంది. మా డైరెక్టర్ ఒకాయన లేచి "ఇది నకిలీ. మాకు సంబంధం లేదు, పోలీసుల దగ్గరికి పోండి" అని గద్దించాడు.

యువకుడు వెళ్లి షట్టర్ సగానికి లాగేశాడు. "నకిలీ అని మాకెట్ల తెలుస్తాది? ఎమ్మిగనూరు బోర్డు మీద ఒగ బొమ్మ, ఈడ ఒగ బొమ్మ, వాట్సాప్‌లో పంపింది ఇంగొగటి. యాది మీదో మీకన్నా తెలుసా?"

అతను అన్నది నిజం. ప్రతి శాఖా గుర్తుకు దొరికిన ఫైలు, పేరుకు దొరికిన ఫాంటు వాడుకుంటోంది. బోర్డు వెడల్పుగా ఉంటే గుర్తును సాగదీసేవాళ్లు. ఆ గందరగోళంలో దొంగ సంచి మా సంచుల్లో ఒకటిగా కలిసిపోయింది. యువకుడి చెయ్యి ఇంకా షట్టర్ మీదే ఉంది. బయట జనం పెరుగుతున్నారు.

అక్క బల్ల ముందుకొచ్చింది. కుళ్లిన గింజ ఒకటి వేళ్ల మధ్య నలిపి చూసింది. "విత్తనం మాది కాదప్పా. కానీ మీరు మోసపోయేకి దారి మేమే ఇచ్చినాం. అదును దాటకముందే మళ్లీ ఎయ్యాల. గోడౌన్లో ఉండేది తీసుకుపోండి."

డైరెక్టర్ ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇచ్చినామంటే తప్పు మనదని ఒప్పుకున్నట్లే అక్కా."

"మనది కాదని సెప్పేకి నీ దగ్గర ఏముండాది?" అంది అక్క.

యువకుడు షట్టర్ పైకి తోశాడు. గోడౌన్లో ఉన్నది వాళ్లకు చాలలేదు. తన చేనుకని ఉంచుకున్న విత్తనం కూడా అక్క టెంపో ఎక్కించింది. ఆ ఏడు ఆమె వేరుశనగ మాని కొర్ర వేసుకుంది.

తర్వాత మా మీద పడింది. గుర్తుకు ఒక్క ఫైలు, పేరుకు ఒక్క రకం అక్షరం, ఒక్క ఆకుపచ్చ. పాతవన్నీ ప్రతి శాఖ కంప్యూటర్లో నుంచి తీయించింది. గోడల మీద రాతలు చెరిపించి మళ్లీ రాయించింది. అదే డైరెక్టర్ సంచి మీద తన ఫొటో పెద్దదిగా వేసి గుర్తును మూలకు జరపాలని పట్టుబట్టినప్పుడు సమావేశంలో కుర్చీలు లేచాయి. వచ్చే సంఘం ఎన్నికల్లో ఆమె ఎట్లా గెలుస్తుందో చూస్తానన్నాడు. అక్క గోడకున్న తన ఫొటోనే ముందు దింపించింది. "మొఖాలు మారతాంటాయి. సంచి మారగూడదు. ఓడిపోతే ఓడిపోతా" అంది. ఆ ఎన్నికల్లో గెలిచింది, కానీ చాలా తక్కువ తేడాతో.

కొన్నేళ్లకు ఆదోనిలో ఒక దుకాణం నుంచి హొళగుంద రైతమ్మ ఒకామె ఆఫీసుకు ఫోన్ చేసింది. "ఈడ మీ సంచి అంటాండారు. ఆకు సాగదీసినట్టుండాది. మీది కాదు కదా?" మేము వెళ్లేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఆ సరుకును అధికారులు పట్టుకున్నారు. వార్త చెప్తే అక్క నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

అక్కను మట్టి చేసి బస్సులో తిరిగి వస్తుంటే సన్నగా జల్లు మొదలైంది. రోడ్డు పక్క చేనులో కూలి ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఒకామె మా ఖాళీ సంచిని తల మీద నుంచి వీపు దాకా కప్పుకుంది. ఆమె వంగి సాలు వెంట కదులుతోంది. తడిసిన వీపు మీద రెండాకులూ, కాయా కనబడుతున్నాయి. బస్సు మలుపు తిరిగేదాకా అట్లా కదులుతూనే ఉన్నాయి.